ఫిజిక్స్‌కి ముందు 45 గంటలు

ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షల్లో మ్యాథ్స్ టూ-బీ పేపర్ రాసి నేను బయటికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. ఎల్లుండి ఉదయం తొమ్మిదికి ఫిజిక్స్. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే 45 గంటలు. నిద్రా తిండీ ప్రయాణం తీసేస్తే పాతిక గంటలు మిగిలినా గొప్పే. ఉన్నవి పదహారు పాఠాలు. అందులో ధైర్యంగా చెప్పగలిగినవి నాలుగు.

జనవరిలో నానమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, ఆ తర్వాత నెల రోజులు మంచం మీదే. అమ్మ ఒక్కతే చేసుకోలేదు కాబట్టి కాలేజీ నుంచి రాగానే పుస్తకాల సంచి పక్కన పెట్టి నానమ్మ దగ్గర కూర్చునేదాన్ని. లెక్కలూ కెమిస్ట్రీ ఎలాగో లాక్కొచ్చాను. ఫిజిక్స్ మాత్రం తర్వాత చూద్దాం, తర్వాత చూద్దాం అనుకుంటూ ఆ రోజు దాకా వచ్చేసింది. ఈ ఏడాది మా పిన్ని కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న ఫోన్ చేసి “అక్కా, రెండు రోజుల్లో అవుతుందా?” అని ఏడుపు గొంతుతో అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు. ఇంటికి రాగానే అన్నం తిని మొదటి పాఠం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. తరంగాలు. పసుపు రంగు స్కెచ్‌తో గీతలు గీసుకుంటూ సాయంత్రం ఆరింటిదాకా చదివాను. అన్నీ అర్థమైనట్టే అనిపించింది. అప్పుడు ఒక కాగితం తీసుకుని, ఒక కొన మూసిన గొట్టంలో స్థిర తరంగాలు ఎలా ఏర్పడతాయో రాద్దామని కూర్చున్నాను. బొమ్మ వేశాను. మూసిన కొన దగ్గర నోడ్, అంటే గాలి కదలని చోటు. తెరిచిన కొన దగ్గర యాంటీనోడ్, అంటే గాలి బాగా కదిలే చోటు. అక్కడితో ఆగిపోయాను. మొదటి హార్మోనిక్, అంటే అన్నిటికన్నా తక్కువ పౌనఃపున్యం, v/4l (v ధ్వని వేగం, l గొట్టం పొడవు) ఎలా వస్తుందో, దాని తర్వాత మూడు రెట్లు, అయిదు రెట్లు మాత్రమే ఎందుకొస్తాయో చెయ్యి కదల్లేదు. నాలుగు గంటలు చదివిన పాఠం అది. ఏడుపొచ్చేసింది.

అమ్మ టీ పెట్టి ఇచ్చింది, ఏమీ అడగలేదు. టీ తాగి మోడల్ పేపర్ ముందు పెట్టుకున్నాను. మేం రాసినప్పుడు థియరీ 60 మార్కులు. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిస్తే ఆరు, ఎనిమిది మార్కులవి మూడిస్తే రెండు. పాసవడానికి 21. ఆ పెద్ద ప్రశ్నలు మూడూ తరంగాలు, విద్యుత్ ప్రవాహం, కేంద్రకాలు, ఈ పాఠాల నుంచే వచ్చేవి. రాయాల్సినవి రెండే కదా అని కేంద్రకాల పెద్ద ప్రశ్న వదిలేశాను. ఒకసారి వదిలాక మళ్ళీ ఆ పేజీ తియ్యలేదు. అప్పటికే నలుగురు స్నేహితులు నాలుగు రకాల ఇంపార్టెంట్ క్వశ్చన్ల లిస్టులు పంపారు. అవన్నీ చూస్తూ కూర్చుంటే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ ఉండదని ఫోన్ అమ్మ చేతికిచ్చేశాను.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. ఒక ప్రశ్న ఒకసారి చదవడం, పుస్తకం మూసెయ్యడం, పాత క్యాలెండర్ కాగితాల వెనక రాయడం, తర్వాత పుస్తకం తెరిచి వదిలేసిన లైన్లు ఎర్ర పెన్నుతో చేర్చడం. వీట్‌స్టన్ బ్రిడ్జి నాలుగుసార్లు రాశాను. P, Q, R, S అని నాలుగు నిరోధాలు, మధ్యలో కరెంటు చూపించే గాల్వనామీటరు, అదీ ఆ వలయం. మొదటిసారి రెండు లూపుల సమీకరణాలూ వచ్చాయి గానీ P/Q = R/S దగ్గరికి చేరలేకపోయాను. బ్రిడ్జి సంతులనంలో ఉన్నప్పుడు గాల్వనామీటరులో కరెంటు సున్నా, ఆ ఒక్క వాక్యం రాయలేదు. అది రాస్తేనే, రెండు దారుల్లో కరెంట్లు I₁, I₂ అనుకుంటే, ఒక వైపు I₁P = I₂R, ఇంకో వైపు I₁Q = I₂S మిగులుతాయి, భాగిస్తే అయిపోతుంది. ఆ వాక్యం ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను. ఎందుకుందో రాస్తేగానీ తెలియలేదు.

మా ఇల్లు విశాఖపట్నం కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర. రాత్రి పదింటికి గాలి కోసం మేడ మీదికి వెళ్ళి డాప్లర్ ప్రభావం పట్టుకు కూర్చున్నాను. ఆ సూత్రంలో ప్లస్సూ మైనస్సూ నాకెప్పుడూ తారుమారే. ఇంతలో ఒక బండి హారన్ కొడుతూ వచ్చింది. ఎదురొస్తున్నంతసేపూ సన్నగా ఉన్న కూత, దాటిపోగానే ఒక్కసారి బరువుగా దిగిపోయింది. చిన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడే. ఎదురొచ్చే బండి తన ముందున్న అలల్ని దగ్గరకు నెడుతుంది, అంటే సూత్రంలో కింద ధ్వని వేగం v లోంచి బండి వేగం తియ్యాలి. పోయే బండి వాటిని సాగదీస్తుంది, అంటే కలపాలి. హారన్ 500 హెర్ట్జ్, బండి సెకనుకి 20 మీటర్లు, ధ్వని 340 అనుకుని లెక్క కట్టాను. వచ్చేటప్పుడు 531, పోయేటప్పుడు 472. ఆ తర్వాత ఆ గుర్తులు మళ్ళీ తప్పలేదు.

మర్నాడంతా నాలుగు మార్కులవే. మాలస్ నియమం, కూలుంబ్ నియమం, యంగ్ ప్రయోగం, ఫుల్ వేవ్ రెక్టిఫైయర్. ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, రాయడమే. సాయంత్రానికి కుడి చెయ్యి పీకింది.

నాన్న రైలింజన్లు బాగుచేసే ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో ఫిట్టర్. డ్యూటీ దిగి వచ్చి, నేను ట్రాన్స్‌ఫార్మర్ బట్టీ పడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నారు. “కోర్‌ని పలచని రేకులతో ఎందుకు చేస్తారేటమ్మా?” అని అడిగారు. ఎడ్డీ కరెంట్లు తగ్గించడానికి అన్నాను. “అంటే?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అటక మీంచి పాడైపోయిన ఫ్రిజ్ స్టెబిలైజర్ దించి, విప్పి, లోపలి కోర్ బయటికి తీశారు. కత్తి మొనతో ఒక్కో రేకూ ఊడదీస్తే ఇంగ్లిష్ ఈ అక్షరం ఆకారంలో పలచని రేకులు వచ్చాయి. వీటిని స్టాంపింగులంటారని చెప్పారు. ఒక్కోదాని మీదా వార్నిష్ పూత, ఇంకా కమురు వాసన. “ముద్ద ఇనుమైతే కరెంటు లోపల్లోపలే సుడి తిరిగి వేడెక్కిపోద్ది. ఈ పూత రేకుకీ రేకుకీ మధ్య గోడ. ఆ సుడి పెద్దది అవలేదు” అన్నారు. రైలు పట్టాల పైన తీగలో 25,000 వోల్టులుంటాయనీ, ఇంజన్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తేనే మోటార్లకి పనికొస్తుందనీ చెప్పారు. పదో తరగతి దాటని మనిషి. ఆ సాయంత్రం నాకు ఆయన కన్నా బాగా చెప్పగలిగిన మాస్టారు లేరు. ఒక రేకు నా జామెట్రీ బాక్సులో వేసుకున్నాను.

పదకొండున్నరకి అమ్మ లైటు ఆపేసింది. మళ్ళీ నాలుగింటికి లేచి కొత్తదేమీ ముట్టుకోలేదు. రెండు మార్కులవి, లాజిక్ గేట్ల పట్టికలు, ఒక కాగితం మీద రాసుకున్న సూత్రాలు, అంతే.

పరీక్షా కేంద్రం మహారాణిపేట వైపు. ఆటో ఏవీఎన్ కాలేజీ డౌన్‌లో, అంటే ఆ కాలేజీ పక్క వాలు రోడ్డులో, దిగుతుంటే నాన్న ఆ గోడల వైపు చూపించారు. సి.వి. రామన్ వాళ్ళ నాన్నగారు 1892లో ఆ కాలేజీలో పాఠాలు చెప్పడానికే మన ఊరొచ్చారు. రామన్ మెట్రిక్యులేషన్ పదకొండేళ్ళకే ఇక్కడి సెయింట్ అలోసియస్ స్కూల్లో పాసయ్యారు. ఇంటర్ చదువు కూడా ఇక్కడే. ఆ సంగతి ముందే తెలిసినా, ఆ పూట ఆ దారిన వెళ్తుంటే నాకు బలమొచ్చింది.

పేపర్లో డాప్లర్ రాలేదు. నన్ను ఏడిపించిన మూసిన గొట్టమే వచ్చింది. విద్యుత్ ప్రవాహంలోంచి పొటెన్షియోమీటర్ వచ్చింది. రెండూ కలిపి యాభై నిమిషాల్లో రాశాను. నాలుగు మార్కుల వాటిలో అయిదు పూర్తిగా, ఆరోది సగం. ఆ సగం వదిలేసిన పాఠంలోది, గుర్తున్నంత రాసి కింద గీత గీసి ఆపేశాను. ఫలితాల్లో 60కి 49 వచ్చాయి.

బయట నాన్న గేటు పక్కన చెట్టు కింద నిలబడి ఉన్నారు. షిఫ్ట్ మార్పించుకుని వచ్చారట. చూడగానే అడిగిన మొదటి మాట, “ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందేటమ్మా?”

వచ్చింది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ 200 వోల్టుల్ని 2,000 వోల్టులు చేస్తుంది, కరెంటు లోపలికొచ్చే ప్రైమరీలో పది చుట్లుంటే బయటికిచ్చే సెకండరీలో ఎన్ని అని. రెండు మార్కులు.

“వంద” అన్నారు నాన్న, నేను చెప్పేలోపే.