నోటు వెనకవైపు ఖాళీ

నిన్న నాన్నగారితో కలిసి వకీలు గారి దగ్గరకు వెళ్లాను. 2022 ఆగస్టులో వరుసకు బాబాయి అయ్యే ఒకరికి నాన్నగారు 2 లక్షల రూపాయలు అప్పిచ్చి, రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. వకీలు గారు నోటు ముందువైపు చదవకుండానే తిరగేసి, "చెల్లు ఏదండీ?" అని అడిగారు. చెల్లు అంటే బాకీలో కొంత కట్టినట్టు బాకీదారు నోటు వెనక రాసే రాత. మా నోటు వెనక ఏమీ లేదు. 2024లో ఒక పెళ్లిలో బాబాయి 10 వేలు చేతికిచ్చిన మాట నిజమే గానీ, పెళ్లిపందిట్లో నోటు తెప్పించి చెల్లు వేయించుకోవడం నాన్నగారికి మొహమాటమైంది.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు చెల్లించాల్సిన నోటుపై దావాకు గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఆ లోపు కొంత సొమ్ము చెల్లించి, బాకీదారు తన చేతిరాతతోనో సంతకంతోనో చెల్లు వేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. మాకు 2025 ఆగస్టుతోనే గడువు ముగిసింది. ఇలాంటి దావాకు ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు కూడా లేదట.

పోనీ క్రిమినల్ కేసు పెడదామా అన్నాను. జరిమానాతో పోయే నేరాలకు ఆరు నెలలు, ఏడాది వరకు జైలుశిక్ష ఉన్నవాటికి ఏడాది, మూడేళ్ల వరకు ఉన్నవాటికి మూడేళ్లు గడువనీ, అంతకు మించిన శిక్ష ఉన్న నేరాలకు గడువే లేదనీ చెప్పి, అయినా బాకీ తీర్చకపోవడం ఒక్కటే మోసం కిందికి రాదని ఆయన నవ్వారు.

ఒక దారి మిగిలింది. గడువు దాటిన బాకీనైనా తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది చెల్లుతుంది. నాన్నగారు ఆదివారం బాబాయి ఇంటికి వెళ్దామంటున్నారు. కొత్త నోటు, స్టాంపు, పెన్ను ఇప్పటికే సంచిలో పెట్టుకున్నారు.