పైకప్పుతో పాటు లేచిన స్తంభం

అనంతపురం వెళ్లింది పిన్ని కొడుకు గృహప్రవేశానికి. పాలు పొంగాయి, ఫోటోలు దిగాం, రెండు ఓళిగలతో ఆపాల్సిన వాణ్ణి ఐదు తిన్నాను. దాని గురించి అంతకు మించి రాయడానికేమీ లేదు. రాయాల్సింది మర్నాటి సాయంత్రం గురించి. కానీ ఆ సాయంత్రానికి నేను ఎంత చిరాకులో ఉన్నానో చెప్పకపోతే తక్కినది అర్థం కాదు.

ఇంత దూరం వచ్చి లేపాక్షి చూడకుండా పోతే ఎలా అని తెల్లవారకముందే హిందూపురం బస్సెక్కాను. ఆదివారమని గుర్తుంచుకోవాల్సింది. గుళ్లో కింద సన్నటి సందుతో వేలాడే స్తంభం దగ్గర పెళ్లి భోజనాల బంతి దగ్గర ఉన్నంత తొక్కిడి. ఒకరు చున్నీ దూరుస్తారు, ఇంకొకరు దాన్ని ఫోనులో తీస్తారు, సరిగ్గా రాలేదని మళ్లీ దూరుస్తారు. నా వంతు వచ్చేసరికి వెనక నుంచి తొందరపెట్టడం మొదలైంది. వంగి జేబురుమాలు ఇటు నుంచి అటు లాగాను. ఒక మూల తట్టుకుంది. లేచాను. హైదరాబాదు నుంచి వచ్చి నేను సాధించింది జేబురుమాలు మురికి చేసుకోవడం. బయట నందిని చూశాను. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, మెడలో చెక్కిన గంటల దండ. దాని ముందూ ఫోటోల జనమే. తిరిగి అనంతపురం బస్టాండులో దిగి ఆటో అడిగితే, నడిచినా పదిహేను నిమిషాలు పట్టని దూరానికి 120 రూపాయలన్నాడు. ఎండలో బేరమాడే ఓపిక లేక ఎక్కాను. టవర్ క్లాక్ దగ్గర ఆటో ఎంతకూ కదల్లేదు. ఎక్కినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికి చేరి కాళ్లు కడుక్కుంటుంటే తమ్ముడు అన్నాడు: "అన్నా, మా వీధిలో లెక్కల అయ్యవారు ఒకాయన ఉన్నారు. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకలతో లేపాక్షి కట్టారు. చూస్తావా?"

ఆ ఇటుకల పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. మా వాడికి పదేళ్లు. పోయిన పుట్టినరోజుకు వాడు పట్టుబడితే 11 వేలు పోసి ఒక అంతరిక్ష నౌక పెట్టె కొన్నాను. అందులో లావుపాటి పుస్తకం ఒకటి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క పెట్టాలో బొమ్మలు వేసి మరీ చెబుతుంది. మా వాడు రెండు రోజులు కూర్చుని పుస్తకం చెప్పినట్టు పెట్టాడు. మూడో రోజు నౌక అద్దాల బీరువాలోకి వెళ్లిపోయింది, ఇక ఎవరూ ముట్టుకోకూడదు. మిగిలిన ముక్కలు మాత్రం రాత్రిపూట మంచినీళ్లకు లేచినప్పుడు నా అరికాళ్లలోకి వెళతాయి. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలతో రైలు కట్టేవాళ్లం, సాయంత్రానికి కూలిపోయేది, మర్నాడు అవే పెట్టెలు మేడ అయ్యేవి. ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు విని చెప్పులు వేసుకున్నాడు.

అయ్యవారి మేడ మీద గదిలోకి వెళ్లగానే ముందు కనిపించింది పోపుల పెట్టె. ఆవాలు ఉండాల్సిన గిన్నెలో ఒంటి బొడిపె ముక్కలు, జీలకర్ర గిన్నెలో కీలు ముక్కలు, మెంతుల గిన్నెలో చిక్కుడు గింజ కన్నా చిన్నవేవో. బొడిపెలంటే ఇటుక నెత్తిన ఉండేవి, పై ఇటుకను పట్టుకునేది వాటితోనే. గోడ పొడవునా మిఠాయి డబ్బాలు, వాటి మీద పెన్సిలుతో రాసిన కొలతలు. "నా పోపుల పెట్టె పైకి పోయి మూడేళ్లయింది" అని ఆయన భార్య మెట్ల మీద నుంచే ఫిర్యాదు చేశారు. ఎవరికి చేశారో తెలియదు. చేతిలోని పళ్లెంలో వేయించిన వేరుశనగలు మాత్రం మా ముందు పెట్టారు.

"ఏమప్పా, చుట్టాలను తెచ్చినావా" అని తమ్ముణ్ణి పలకరించి, అయ్యవారు నన్ను కూర్చోమన్నారు. డెబ్బై దాటిన మనిషి. రిటైరయ్యే దాకా బడిలో లెక్కలు చెప్పారట. ఇటుకలన్నీ అమెరికాలో ఉన్న కూతురు తెచ్చినవే. అక్కడ ఇళ్ల ముందు పాత సామాను అమ్మేటప్పుడు కిలోల లెక్కన కొంటుంది, వచ్చినప్పుడల్లా సూట్‌కేసు నింపుకుని వస్తుంది. ఊరగాయలు ఇటు నుంచి, ఇటుకలు అటు నుంచి. ఎవరి పిల్లలో కొరికిన పంటి గాట్లున్న ముక్కలను కూడా ఆయన పారేయలేదు. అరిగిన మెట్లకు పనికొస్తాయట.

ముందు టవర్ క్లాక్ చూపించారు. మధ్యాహ్నం నా ప్రాణం తోడేసిన ఆ టవర్ క్లాకే. దాని లెక్క ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు: ఎనిమిది మూలలు ఆగస్టు నెలకు, 15 అడుగుల పీఠం తేదీకి, 47 అడుగుల ఎత్తు సంవత్సరానికి. 15-8-47. అయ్యవారు మొదటిసారి ఆ అంకెలనే పట్టుకున్నారట. అడుగున 15 బొడిపెలు, ఎత్తు 47 పలకలు. పలక అంటే ఇటుకలో మూడో వంతు మందం, 3.2 మిల్లీమీటర్లు. బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. "అంకెలు కుదిరాయి, గోపురం కుదరలేదు. డోలులా తయారైంది" అని నవ్వారు. 12 సెంటీమీటర్ల వెడల్పుకు 15 సెంటీమీటర్ల ఎత్తు, డోలు కాక ఏమవుతుంది? మొత్తం ఊడదీసి మళ్లీ కట్టారు. ఇప్పుడున్నది 17 బొడిపెల వెడల్పు, 44 ఇటుకల ఎత్తు.

పదిహేడే ఎందుకని అడిగాను. అడగడమే తరువాయి, పెన్సిలు తీశారు. చదరపు ఇటుకలతో ఎనిమిది మూలలు తేవాలంటే నాలుగు గోడలు తిన్నగా, నాలుగు గోడలు ఏటవాలుగా కీళ్ల మీద నిలవాలి. ఎనిమిదీ ఒకే పొడవుండాలి. మూల దగ్గర అటు ఐదు, ఇటు ఐదు బొడిపెలు వదిలితే ఏటవాలు గోడ పొడవు ఐదును రెండు వర్గమూలంతో గుణించినంత, అంటే 7.07. తిన్నటి గోడకు ఏడు పెడితే సరిపోతుంది. ఆ 0.07 కీళ్ల వదులులో కలిసిపోతుంది. ఐదు, ఏడు, ఐదు కలిపితే పదిహేడు. నేను పదో తరగతిలో తప్పిన లెక్క బహుశా ఇదే. ఆయన చెబుతుంటే మాత్రం వేరుశనగలు నోట్లో వేసుకోవడం మరిచిపోయాను.

ఇంకో లెక్క కూడా చెప్పారు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు, అన్నీ ఒకే రంగువి, ఇస్తే ఎన్ని విధాలుగా కలపవచ్చు? తమ్ముడు వెయ్యి అన్నాడు, నేను తెలివిగా లక్ష అన్నాను. లెగో కంపెనీవాళ్లే చాలా కాలం పది కోట్ల చిల్లర అని చెప్పుకున్నారట. ఒకదాని మీద ఒకటి ఆరు వరుసలుగా పేర్చే పద్ధతులనే లెక్కేసి, పక్కలకు విస్తరించే వాటిని వదిలేశారు. తర్వాత ఆ కంపెనీ పుట్టిన డెన్మార్క్‌లోనే ఒక గణిత శాస్త్రవేత్త కంప్యూటర్‌తో లెక్కగట్టి 91,51,03,765 అని తేల్చాడు. "ఇన్ని దారులుంటే పుస్తకం చూసి పెట్టుకోవడం ఎందుకు చెప్పండి" అన్నారాయన. మా వాడి అద్దాల బీరువా గురించి ఆయనకు తమ్ముడు ముందే చెప్పాడేమోనని అనుమానం వచ్చింది.

ఇక లేపాక్షి. గుడి మొత్తం కాదు. వేలాడే స్తంభమున్న మండపం, పక్కన నాగలింగం. అంతే కట్టారు. నాగలింగం నన్ను ముందు పట్టుకుంది. నల్లటి ఏడు పడగలు, ఒక్కొక్కటీ కింద సన్నగా, పైన విప్పారి ఉంది. వంగి చూస్తే అవి పడగలు కావు, లెగో బొమ్మ మనుషుల్లో ఈతగాళ్లు కాళ్లకు తొడుక్కునే రెక్కలు! జతలుగానే దొరుకుతాయి కాబట్టి నాలుగు జతలు కావలసి వచ్చాయి. ఎనిమిదోది ఏం చేశారంటే పోపుల పెట్టె వైపు చూపించారు. ఎండుమిర్చి అరలో ఒంటరిగా పడి ఉంది.

మండపం రాయి రంగు ఒక్కటిగా లేదు. కొన్ని ముక్కలు కాస్త పసుపు కలిసిన బూడిద, కొన్ని నీలం కలిసిన బూడిద. కంపెనీ 2004 ప్రాంతంలో బూడిదరంగును మార్చేసిందట. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే అతుకులు కనిపిస్తాయని ఆ ఇటుకల అభిమానులు ఇప్పటికీ గొణుగుతారట. కిలోల లెక్కన వచ్చే పాత సరుకులో రెండూ కలిసే వస్తాయి. అయ్యవారు వాటిని విడదీయలేదు. "లేపాక్షిలో రాయి ఒకే రంగులో ఉందా? నూనె పడ్డ చోట ఒకటి, ఎండ పడ్డ చోట ఒకటి, జనం చేతులు పడ్డ చోట ఒకటి" అన్నారు. ఆ పొద్దునే అక్కడ నిలబడి వచ్చినవాణ్ణి. ఏ రంగుందో నాకు గుర్తు లేదు.

"స్తంభం కింద ఇది దూర్చండి" అని ఒక దారం ఇచ్చారు. దూర్చాను. ఇటు నుంచి అటు వచ్చింది. సరే, బాగుంది అన్నాను. నిజానికి అప్పటికి నాకు అందులో గొప్పేమీ కనిపించలేదు.

అప్పుడాయన రెండు చేతులతో పైకప్పు అంచులు పట్టుకుని నెమ్మదిగా పైకెత్తారు. స్తంభాలన్నీ నేల మీద నిలబడే ఉన్నాయి. ఒక్కటి మాత్రం కప్పుతో పాటు లేచి గాల్లో వేలాడింది.

తమ్ముడు ఇదివరకు చూసినవాడే అయినా "అబ్బా" అన్నాడు. నేను మళ్లీ ఎత్తి చూపించమన్నాను. మూడోసారి నన్నే ఎత్తనిచ్చారు. తక్కిన స్తంభాల తలల మీద బొడిపెలు లేని నున్నటి పలకలున్నాయి. అవి కప్పును మోస్తాయి, పట్టుకోవు. ఇదొక్కటే కప్పుకు బొడిపెలతో పట్టుకుని ఉంది, నేల దానికి అక్కర్లేదు. ఆ ఒక్క స్తంభానికి వేరే కంపెనీల ముక్కలు వాడలేదట. పేటెంటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి అవే కొలతలతో ఎవరైనా చేయవచ్చు, ఆయన నేలకు అవే వాడారు. వేలాడేదానికి మాత్రం పట్టు ముఖ్యం.

అసలు కష్టం సందు దగ్గర వచ్చింది. అన్నిటికన్నా పలచని పలక తీసేసినా కింద 3.2 మిల్లీమీటర్ల సందు పడుతుంది. ఆ నమూనా కొలతకు అది చున్నీ దూరే సందు కాదు, పిల్లి దూరే సందు. రెండు నెలలు అక్కడే ఆగిపోయారు. ఒక రాత్రి కిందపడ్డ ఇటుక ఒకటి పక్కకు తిరిగి పడి ఉండటం చూశారట. నిలబెడితే ఇటుక ఎత్తు 9.6. పక్కకు పడుకోబెడితే 8. తేడా 1.6 మిల్లీమీటర్లు. స్తంభం మధ్యలో ఒక్క ఇటుకను పక్కవాటుగా తిప్పి, పక్కన బొడిపె ఉండే ముక్కకు తగిలించారు. స్తంభం అంత మేరకే పొట్టిదయింది. దారం దూరుతుంది, అగ్గిపుల్ల దూరదు. ఆయన అగ్గిపుల్ల కూడా పెట్టి చూపించారు.

నాకు మాట దొరికింది. "సార్, అసలు స్తంభం ఒక మూల నేలకు ఆనుతుంది కదా, పొద్దున నా జేబురుమాలు అక్కడ తట్టుకుంది. మీది ఎక్కడా ఆనదే?" అన్నాను. లేపాక్షిలో నేను చూసింది అదొక్కటే, దాన్ని వాడుకోకపోతే ఎలా?

ఆయన ముఖం వెలిగిపోయింది. "గమనించినారే! అది నా లోటు. ఆ మూల ఆనించాలంటే ముక్కను కోయాలి, లేదా జిగురు వేయాలి. రెండూ చేయను. ఇంకా దారి దొరకలేదు." మా తమ్ముణ్ణి చూసి, "ఇన్నాళ్లుగా వస్తున్నావు, నువ్వు ఒక్కసారి అడిగినావా" అన్నారు. వాడు వేరుశనగ పొట్టు ఏరుకుంటూ కూర్చున్నాడు.

చీకటి పడింది. నా బస్సు తొమ్మిదిన్నరకు. ఎనిమిదిన్నరకు కూడా మేము నంది దగ్గరే ఉన్నాం. నంది ఇంకా కాలేదు. కొమ్ములు, గంటల దండ, కూర్చున్న కాళ్లు అయ్యాయి. వీపు దగ్గర ఇటుకల మెట్లు బయటపడి ఉన్నాయి. ఎన్నిసార్లు ఊడదీశారో ఆయనకే లెక్క లేదు. వంపు తిరిగిన బూడిదరంగు ముక్కలు కావాలి, ఆ పాత సరుకులో అవి రావు. "అంతరిక్ష నౌకల్లో బాగా ఉంటాయి. మీ అబ్బాయి దగ్గర మిగిలినవి ఏమైనా..." అని ఆగిపోయారు. ఆ అడగలేకపోవడం చూసి, మిగిలినవి కాకపోయినా పంపుతాను సార్ అనేశాను. ఎన్ని కావాలని అడిగితే పన్నెండు అని వెంటనే చెప్పారు. పదకొండూ కాదు, పదమూడూ కాదు.

బస్టాండుకు ఆటోవాడు ఈసారి 150 అడిగాడు. ఇచ్చి ఎక్కాను. బస్సులో వెనక సీటు, కాళ్లు చాపుకునే వీలు లేదు, ముందు సీటతను గుత్తి దాటే వరకు ఫోనులో గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. కర్నూలు వచ్చేసరికి నేను టికెట్టు వెనక 9.6లో నుంచి 8 తీసేస్తూ, ఆ ఒక్క మూల ఎలా ఆనించాలా అని గీతలు గీస్తున్నాను. నాకూ దొరకలేదు.

మా వాడికి జరిగింది జరిగినట్టు చెప్పి, నౌక అడుగు భాగం నుంచి పన్నెండు వంపు ముక్కలు అడిగాను. స్తంభం లేచిన చోట మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ చెప్పాను. అద్దాల బీరువా తెరిచాడు. ముక్కకు 30 రూపాయలన్నాడు. బేరమాడితే 20కి దిగాడు, కింద కనిపించని చోటు నుంచే తీస్తానని షరతు పెట్టాడు. మొత్తం 240, కొరియరు ఖర్చు నాదే. అనంతపురం ఆటోవాళ్లను అనవసరంగా తిట్టుకున్నాను.