పన్ను కోసం వెళితే పెదవి మొద్దుబారింది

పళ్ల ఇంప్లాంట్ల (పోయిన పంటి చోట దవడ ఎముకలో మేకులా బిగించే టైటానియం మరల) చికిత్స మొదలైన రోజున ఇది ఆరేడు నెలల్లో తేలిపోయే పని అని చెప్పారు. మధ్యలో వచ్చిపడిన ఆపద వల్ల ఏడాదిన్నర దాటింది, వాటి మీద చివరి పంటి తొడుగు ఈ మధ్యనే బిగించారు. ఇప్పుడు రెండు దవడలతోనూ నమలగలుగుతున్నాను. భయం పోయింది కానీ కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, అది కూడా చల్లారిపోతే రాయాలన్న పట్టుదల ఉండదేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

నాకు అరవై మూడేళ్లు. ఖజానా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మధుమేహం పదిహేనేళ్లుగా ఉంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయని చాలామందికి తెలుసు, చిగుళ్లలో చీము నిలిచి ఉంటే చక్కెర కూడా ఒక పట్టాన అదుపులోకి రాదన్న సంగతి మాత్రం నాకు మందులు రాసిన వాళ్లెవరూ అన్నేళ్లలో చెప్పలేదు. కింది కుడి దవడలో రెండు, పై ఎడమ దవడలో ఒకటి, ఇలా నమిలే పళ్లే కదిలి పోయాయి. కింద చివరన ఆధారంగా పన్నేదీ మిగలలేదు కాబట్టి, అటూ ఇటూ ఉన్న పళ్లను పట్టుకుని కట్టే బ్రిడ్జి కుదరదన్నారు. తీసి పెట్టుకునే పళ్లు కొన్నాళ్లు వాడాను, అన్నం తిన్న ప్రతిసారీ వాటి కింద మెతుకులు చేరి చిగురు ఒరుసుకుపోయేది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి డబ్బు పంపి, ఇంప్లాంట్లే పెట్టించుకోమని పట్టుబట్టాడు.

విజయవాడలో ఒక క్లినిక్‌కు వెళ్లాం. మూడు పళ్లకు కలిపి ప్యాకేజీ అన్నారు, ముందుగా సగానికి పైగా కట్టించుకున్నారు. చికిత్సకు ముందు, రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 ఉంటే, దాన్ని తగ్గించుకుని రమ్మని చెప్పిన మాట నిజమే, ఆ మేరకు వారిని తప్పుపట్టను. ఆహారం మార్చుకుని, నడిచి, మందు మార్పించుకుని 7.2కు తెచ్చుకున్నాను. తరువాత దవడ మొత్తం పరుచుకుని కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీశారు. దవడను అన్ని వైపుల నుంచీ కొలిచి చూపే సీబీసీటీ అనే స్కాన్ తీస్తారని ఎక్కడో చదివి ఉన్నాను కనుక, అది అవసరం లేదా అని అడిగాను. "మా సార్ వేల ఇంప్లాంట్లు వేశారమ్మా, ఆయన చేతికి అది అక్కర్లేదు" అని ముందు గదిలోని అమ్మాయి సమాధానం చెప్పింది. సార్ లోపల నవ్వారు.

ఆ రోజు ఉదయం కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేశారు. మత్తు సూది, డ్రిల్లు, కుట్లు, దూది కొరికి పట్టుకోవడం, ఇదంతా అనుకున్నంత కష్టమేమీ కాదు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాం.

సాయంకాలానికి బుగ్గ తిమ్మిరి దిగింది. నాలుక మామూలయింది. కింది పెదవి కుడి సగం, దాని కిందుగా గడ్డం వరకూ ఒక చోటు మాత్రం అలాగే ఉండిపోయింది. రాత్రి ఎనిమిదింటికి చల్లారిన జావ స్టీలు గ్లాసుతో తాగబోతే, గ్లాసు అంచు పెదవికి ఎడమవైపు చల్లగా తగిలింది, కుడివైపు అసలు గ్లాసే లేనట్టు అనిపించింది. జావ గడ్డం మీదుగా కారి జాకెట్టు తడిసిన తరువాత గానీ నాకు తెలియలేదు. అద్దంలో చూసుకుంటే పెదవి లోపలివైపు నా పన్నే గాటు పెట్టి ఉంది, నెత్తురు వస్తోంది, నొప్పి లేదు. నొప్పి లేకపోవడం అంత భయపెడుతుందని అంతకు ముందు నాకు తెలియదు.

క్లినిక్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు మోగించాక డాక్టరు గారే తీశారు. ఉదయం పదకొండింటికి ఇచ్చిన మత్తు రాత్రి ఎనిమిదిన్నర దాటినా దిగలేదని చెప్పాను. ఆయన అన్న మాట అక్షరం తప్పకుండా గుర్తుంది: "పెదవేగా అమ్మా! పైకేమీ కనిపించదు, నవ్వితే వంకరేమీ రాదు. ఈ వయసులో దానితో ఇంకేం పని? బీ కాంప్లెక్స్ వేసుకుని పడుకోండి." ఫోన్ పెట్టేశారు.

పెదవితో ఏం పని అంటారా? మాట పలకాలి, నీళ్లు పుక్కిలించాలి, మనవరాలిని ముద్దు పెట్టుకోవాలి, కాఫీ కాలుతోందో లేదో చూసుకోవాలి. ఇవేవీ ఆ క్షణాన నోటికి రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ రాత్రిళ్లు అనుకుంటాను.

మావారు మొదట, "నీకు ప్రతిదానికీ గాబరా, పొద్దున్నకు అదే తగ్గుతుంది" అని అటు తిరిగి పడుకున్నారు. మా అమ్మ పక్షవాతంతో పోయింది. ఆమెకూ మొదట మూతి దగ్గరే తేడా కనిపించింది. నేను స్నానాల గదిలో దీపం వేసుకుని, రెండు చేతులూ ఎత్తి పట్టుకుని, పళ్లికిలించి, నుదురు ముడిచి, కళ్లు గట్టిగా మూసి, ఒక్కొక్కటే చేసి చూసుకున్నాను. అన్నీ సమానంగానే కదిలాయి. పెదవి కూడా కదిలింది. కదులుతోంది, తెలియడం లేదు. దువ్వెన పన్నుతో గుచ్చి చూస్తే గుచ్చుతున్న నా వేలికి తెలిసింది కానీ గుచ్చించుకుంటున్న పెదవికి తెలియలేదు. మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకున్నాను. ఆ మొక్కు మొక్కుతున్నప్పుడే, దేవుడు చేయవలసింది దేవుడు చేస్తాడు, నాకు ఇప్పుడు కావలసింది డాక్టరు అన్న ఆలోచన వచ్చింది. అదీ ఆయనే ఇచ్చాడంటే కాదనను.

ఒంటిగంట వేళ మా అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను. హైదరాబాదులో దంత వైద్యంలో పీజీ చదువుతోంది. నిద్రమత్తులో ఎత్తిన పిల్ల, నేను రెండు వాక్యాలు చెప్పగానే లేచి కూర్చున్నట్టుంది, గొంతు మారిపోయింది. "అత్తయ్యా, కింది దవడ ఎముక లోపల ఒక గొట్టంలాంటి దారిలో నరం వెళుతుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. ఇంప్లాంట్ దాన్ని నొక్కుతోందేమో చూడాలి. నొక్కుతుంటే ఒకటి ఒకటిన్నర రోజులోపు తీసేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ, ఆలస్యమైన కొద్దీ తగ్గిపోతుంది. పొద్దున్నే స్కాన్ తీయించు. వాళ్లు వద్దంటే వేరే చోటికి వెళ్లు, ఆగొద్దు" అంది. నేను ఇవతల ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మావారు అంతా విన్నారు. ఇక ఆయన పడుకోలేదు. తెల్లవారకముందే కారు తాళాలు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డారు. ఆ రాత్రి మొదటి సగానికి ఆయన్ను నేను క్షమించింది రెండో సగం కోసమే.

మా మేనకోడలే మాట్లాడి పంపిన ఒక దంత వైద్య కళాశాలలో, ఓపీ చీటీ రాసేచోట వరుసలో నిలబడి ఉండగా ఒక పీజీ విద్యార్థిని వచ్చి నా పేరు పిలిచి లోపలికి తీసుకువెళ్లింది. ఆమె కళ్లు మూసుకోమని, దూదితోనూ తరువాత సన్నని మొనతోనూ గడ్డం మీద అక్కడక్కడ తాకుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమంది. తెలియడం ఆగిపోయిన చోటల్లా పెన్నుతో చుక్క పెట్టింది. చివరికి ఆ చుక్కలన్నీ కలిపి గీత గీసి ఫోటో తీసింది. అద్దంలో చూసుకున్నాను: పెదవి మధ్య నుంచి మూల వరకూ, అక్కడి నుంచి గడ్డం కొన దాకా, నీలిరంగు గీత లోపల ఉన్నదంతా నాది కాకుండా పోయిన భాగం. మతిలేని గాబరా కాదని, కొలిచి గీయదగిన నష్టమని అప్పుడు తేలింది. ఏడ్చాను.

స్కాన్‌లో వెనుక వేసిన 11.5 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ కొన ఆ నరం దారి పైకప్పును నొక్కుతూ కనిపించింది. దానికీ నరానికీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలట. ఓపీజీలో బొమ్మ అసలు కొలత కన్నా పెద్దదిగా పడుతుంది, పైగా ఎముక మందం అందులో తెలియదు. ఇవి డాక్టర్లకు కొత్త సంగతులు కావని ప్రొఫెసర్ గారు తల ఎత్తకుండానే అన్నారు. మరొక డాక్టరును ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మధ్యాహ్నం లోపే ఆ ఇంప్లాంట్‌ను వెనక్కి తిప్పి తీసేశారు. ముందుదానికి ప్రమాదం లేదని ఉంచారు.

వాపు తగ్గడానికి కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. చక్కెర మూడు వందలు దాటింది, ఇన్సులిన్ వేసుకోవలసి వచ్చింది. బీ12 మాత్రలు కూడా ఇచ్చారు. ఆ చీటీ చూసి మావారు, "ఆయన చెప్పిన మందే కదా ఇదీ" అన్నారు. మందు అదే కావచ్చు, కానీ నొక్కుతున్న మేకును అలాగే ఉంచి మింగితే అది ఏం చేస్తుంది?

స్పర్శ ఒక్కసారిగా రాలేదు. కొన్ని వారాలకు గడ్డం మీద చీమలు పాకినట్టు మొదలైంది. తరువాత ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. అవి మంచి సూచనలని ఆ పీజీ అమ్మాయి ముందే చెప్పి ఉంచింది కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఇంకో రాత్రి అద్దం ముందు నిలబడి ఉండేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆమె చుక్కలు పెట్టి గీసేది. నీలి గీత లోపలి జాగా క్రమంగా చిన్నదయింది. ఇప్పటికీ గడ్డం కింద రూపాయి బిళ్లంత మేర స్పర్శ సగమే ఉంది. అక్కడ మెతుకు అంటుకుంటే మా మనవరాలు చూపిస్తుంది.

పై దవడ పని మళ్లీ వేరే కథ. పళ్లు పోయి చాలాకాలమైతే ఎముక కరిగిపోతుంది, నా పై దవడలో సైనస్ గదికి (ముక్కు పక్కన గాలి ఉండే ఖాళీకి) కింద నాలుగు మిల్లీమీటర్లే మిగిలింది. ఆ గది అడుగున ఉండే పొరను పైకి ఎత్తి, కింద ఎముక పొడి నింపాలన్నారు. ఆ పొడి చాలాసార్లు పశువుల ఎముకనుంచి శుద్ధి చేసి తీసినదట. సంతకం పెట్టించుకునే ముందే ప్రొఫెసర్ గారు ఆ మాట చెప్పి, అభ్యంతరం ఉంటే కృత్రిమంగా తయారైనదీ ఉందని, దేని లాభనష్టాలేమిటో వివరించారు. నేను కృత్రిమమైనదే కోరుకున్నాను. మా పక్కింటావిడకు ఇదే చికిత్స వేరేచోట జరిగితే, ఏం నింపారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. మడీ ఆచారం ఉన్నవాళ్లు ఈ ప్రశ్న ముందే అడగడం మంచిది. ఆ తరువాత కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, గొట్టంతో ఏదీ తాగకూడదు. పెళ్లిలో తాంబూలం అందుకుంటూ నేను నోరంతా తెరిచి తుమ్మిన తుమ్ము మా బంధువుల్లో ఇంకా చెప్పుకుంటారు.

ఎదురుచూపు నెలల తరబడి సాగింది. టైటానియంను ఎముక తనలో కలుపుకుంటుందన్న సంగతిని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో అమర్చిన పరికరం ఊడిరాకపోవడం చూసి గ్రహించాడట, 1965లో మొదటిసారి మనిషి దవడలో అలాంటి ఇంప్లాంట్లు వేశాడు. అది అతుక్కునే వేగాన్ని మనం పెంచలేము, చక్కెర పెంచుకుని చెడగొట్టగలము. ఆ నెలల్లోనే కింద, స్కాన్ కొలతల ప్రకారం చేయించిన, డ్రిల్లు దారి తప్పకుండా పట్టి ఉంచే గైడుతో, ఈసారి 8 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్ వేశారు. సాయంత్రానికల్లా పెదవి తిమ్మిరి దిగింది. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే ప్రొఫెసర్ గారు మొదటి మోతకే తీశారు.

అచ్చులు, తొడుగులు, ఎత్తు సరిచేయడం, వీటి గురించి రాయడానికేమీ లేదు. మంగళగిరి కొండెక్కి మొక్కు తీర్చుకున్నాను. స్వామి సగం పుచ్చుకుని సగం తిరిగి ఇస్తాడంటారు కదా, ఆ పానకం గ్లాసు అంచు నా పెదవికి రెండువైపులా తగిలింది. కొత్త పళ్లతో జంతిక కొరికితే చప్పుడు తెలుస్తుంది, ఎంత గట్టిగా కొరుకుతున్నామో తెలియదు, సొంత పంటికీ ఎముకకూ మధ్య ఉండే పొర వీటికి ఉండదు. నొప్పి కూడా ముందుగా చెప్పదు, చుట్టూ చిగురు చెడుతున్నా ఆలస్యంగానే బయటపడుతుంది. అందుకే సన్న బ్రష్షుతో రోజూ సందులు తోముకుంటున్నాను, డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళుతున్నాను.

ఈ చికిత్సకు వెళ్లబోయేవారు, నరానికీ ఇంప్లాంట్‌కూ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో స్కాన్ మీద చూపించమని అడగండి. ఇంప్లాంట్ డబ్బాలో వచ్చే స్టిక్కర్, దాని మీది కంపెనీ పేరు, పరిమాణం, లాట్ నంబరు మీ ఫైలులో అతికించి తీసుకోండి. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో రాయించుకోండి. మత్తు దిగవలసిన వేళ దాటినా పెదవి తిమ్మిరి దిగకపోతే తెల్లారేదాకా చూద్దామని ఎవరన్నా వినకండి, ఆ అన్నవారు మీ ఆయనైనా సరే.

మొదటి క్లినిక్ నుంచి మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. "ప్యాకేజీ మధ్యలో మానేసింది మీరే" అన్నారు. స్కాన్ కాపీ, గీత గీసిన గడ్డం ఫోటో జతచేసి లాయరు ద్వారా నోటీసు పంపాను. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మా అబ్బాయి, "పోనీలే అమ్మా, డబ్బు నేనిస్తాగా" అంటున్నాడు. డబ్బు సంగతి వాడితో నేను వాదించడం లేదు, నోటీసులో రెండో పేరాగా ఆ మొదటి డాక్టరు ఫోన్‌లో అన్న మాటను అక్షరం మార్చకుండా రాయించాను, దానికి మాత్రం ఆయన సంతకంతో జవాబు రావాలి.