చిన్న ట్రక్కు ఇంజిన్‌కు టర్బో: మూడో ప్రయత్నంలో కుదిరిన సైజు

1వ వారం

బండి చిన్న ట్రక్కు. ఇంజిన్ 2.5 లీటర్ల డీజిల్, నాలుగు సిలిండర్లు, టర్బో లేకుండా వచ్చింది. టర్బో అంటే ఒకే షాఫ్ట్ మీద రెండు వీల్స్: ఇంజిన్ పొగ టర్బైన్ వీల్‌ను తిప్పుతుంది, దాంతో తిరిగే కంప్రెసర్ వీల్ గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఖాళీగా బాగానే పోతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే 1600 నుంచి 2200 ఆర్‌పీఎమ్ మధ్య నలిగిపోతుంది. నాకు బలం కావాల్సింది అక్కడే. ఈ మాట మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తీరా టర్బో ఎంచుకునేటప్పుడు దాన్ని పక్కనపెట్టి గరిష్ఠ పవర్ లెక్కే చూశాను. రెండు వారాలు అక్కడే పోయాయి.

లెక్క ఇలా వేశాను. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 3800 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 4750 లీటర్లు పీల్చాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతమే తీసుకుంటే సుమారు 4040 లీటర్లు. బూస్ట్, అంటే బయటి గాలికి మించి టర్బో ఇచ్చే ఒత్తిడి, 0.8 బార్ చాలనుకున్నాను. టర్బో కోసం తయారైన ఇంజిన్ కాదు, పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు లేవు, కంప్రెషన్ 21కి 1. అంతకుమించి తోయడం నాకు ఇష్టం లేదు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) దాటాక గాలి 50 డిగ్రీలు ఉంటుందనుకుంటే, ఆ ఒత్తిడిలో ఒక ఘనమీటరు గాలి 1.94 కిలోలు తూగుతుంది. అంటే నిమిషానికి 7.8 కిలోల గాలి.

ప్రెషర్ రేషియో (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే ఒత్తిడిని లోపలికెళ్లే ఒత్తిడితో భాగిస్తే వచ్చేది) దగ్గర చాలామంది 1.8 అని రాసేసి వదిలేస్తారు. ఇంటర్‌కూలర్‌లో 0.07 బార్ పోతుంది, ఎయిర్ ఫిల్టర్ దగ్గర 0.03 పోతుంది. బయటి గాలి 1 బార్ అనుకుని 1.87ని 0.97తో భాగిస్తే 1.93. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి 0.85 బార్ దగ్గరికి పడిపోతుంది. అక్కడ అదే 0.8 బూస్ట్ కావాలంటే రేషియో 2.1 అవుతుంది, షాఫ్ట్ ఇంకా వేగంగా తిరగాలి. కొండదారుల్లో తిరిగే బండికి ఈ తేడా కూడా కలుపుకుని చూడాలి.

2వ వారం

స్నేహితుడి దగ్గర ఒక టర్బో ఖాళీగా ఉంది. కంప్రెసర్ వీల్ గాలి పీల్చే వైపు 46 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 60. కంప్రెసర్ మ్యాప్ (ఏ రేషియోలో ఎంత గాలి ఇస్తుందో చూపే గ్రాఫ్) ప్రకారం నిమిషానికి దాదాపు 14 కిలోల గాలి ఇస్తుంది. నాకు కావాల్సింది 7.8, మిగిలింది చేతిలో ఉంటుందిలే అనుకుని బిగించాను.

బూస్ట్ గేజ్ 2000 ఆర్‌పీఎమ్ దగ్గర 0.1 బార్ కూడా చూపించలేదు. 0.8 రావడానికి 2900 దాటాలి. ఇంజెక్షన్ పంపులో డీజిల్ ముందే కొంచెం పెంచి ఉంచాను. బూస్ట్‌ని బట్టి డీజిల్ తగ్గించే డయాఫ్రమ్ ఈ పంపుకు లేదు. గాలి రాకముందే డీజిల్ వస్తోంది, వెనకంతా నల్లపొగ. టర్బైన్‌కు ముందు పెట్టిన పైరోమీటర్ (పొగ వేడి కొలిచే గేజ్) ఎత్తులో 740 డిగ్రీలు చూపించింది. నేను పెట్టుకున్న హద్దు 700. వెంటనే కాలు తీసేసి, తిరిగొచ్చి పంపు స్క్రూ పాత గుర్తుకు తెచ్చాను.

3, 4 వారాలు

టర్బైన్ హౌసింగ్ చిన్నది వేస్తే సరిపోతుందేమో అనిపించింది. ఏ/ఆర్ 0.64 తీసి 0.48 పెట్టాను. ఈ అంకె హౌసింగ్‌లో పొగ పోయే దారి వైశాల్యానికీ, షాఫ్ట్ మధ్య నుంచి ఆ దారికున్న దూరానికీ నిష్పత్తి. అంకె తగ్గితే పొగ ఇరుకు దారిలో వేగంగా వీల్‌కు తగులుతుంది, టర్బో త్వరగా లేస్తుంది.

లేచింది కూడా. 1700 దగ్గరే బూస్ట్ వస్తోంది. కానీ లోడుతో కాలు నొక్కి పట్టుకుంటే ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి గుర్‌గుర్‌మని చప్పుడు, గేజ్ ముల్లు వణుకు. అది సర్జ్. 1600 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజిన్ పీల్చేది నిమిషానికి 3.3 కిలోలే. ఆ కంప్రెసర్‌కు 1.93 రేషియోలో కనీసం 4.5 కిలోలు పోవాలి. ఇంజిన్ తీసుకోలేని గాలి వెనక్కి తన్నుకొస్తోంది. షాఫ్ట్ ముందుకు వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ ఇలాంటి దెబ్బలకు ఎక్కువ రోజులు నిలబడదు. రెండు ప్రయాణాలతో ఆపేశాను.

ఆ రాత్రి మ్యాప్ మీద రెండు చుక్కలు పెట్టాను: 3.3 దగ్గర ఒకటి, 7.8 దగ్గర ఒకటి. అంతకుముందు కుడి చుక్క ఒక్కటే పెట్టాను, పొరపాటు అదే. మొదట ఎడమ చుక్క సర్జ్ గీతకు (సర్జ్ రాకుండా పోవాల్సిన కనీస గాలిని చూపే గీత) కుడివైపు పడాలి, తర్వాతే రెండో చుక్క సంగతి.

5వ వారం

ఈసారి చిన్న టర్బో: కంప్రెసర్ వీల్ గాలి పీల్చే వైపు 38, బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు. సర్జ్ గీత 2.6 కిలోల దగ్గర, కుడి హద్దు 9 దగ్గర. రెండు చుక్కలూ లోపలే పడ్డాయి. పై చుక్క దగ్గర సామర్థ్యం 70 శాతం. 30 డిగ్రీల గాలి 120 డిగ్రీలై బయటికొస్తుంది, ఇంటర్‌కూలర్‌కు అది మోయలేని పని కాదు.

బిగించేటప్పుడు ఎక్కువ సమయం పట్టింది ఆయిల్ పైపులకే. టర్బో నుంచి కిందికి దిగే పైపు లావుగా, ఎక్కడా పైకి వంగకుండా, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మొదట పెట్టిన పైపులో చిన్న మెలిక ఉంది. ఆయిల్ అక్కడ నిలిచి సీల్ దాటి సైలెన్సర్‌లోకి పోయింది, నీలిపొగ వచ్చింది. కొత్త పైపు వేశాక ఆగింది. స్టార్ట్ చేసే ముందు ఫీడ్ రంధ్రంలో ఆయిల్ పోసి షాఫ్ట్‌ను చేత్తో తిప్పాను, తర్వాత డీజిల్ ఆపి ప్రెషర్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పాను.

6వ వారం

అదే లోడు, అదే ఎత్తు. 1650 దగ్గర 0.5 బార్, 1900కి 0.8, అక్కడ వేస్ట్‌గేట్ (అదనపు పొగను టర్బైన్‌కు తగలకుండా పక్కనుంచి పంపే తలుపు) తెరుచుకుంటోంది. పొగ కంటికి కనిపించడం లేదు. అత్యధిక వేడి 630 డిగ్రీలు. ముందు రెండో గేరులో ఎక్కే చోట మూడో గేరు చాలింది. ఆ మలుపు దగ్గర గేరు మార్చకుండా ముందుకు పోతుంటే కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను.

చిన్న టర్బో పైన ఊపిరి బిగబడుతుందేమోనని టెన్షన్ ఉండేది. అందుకే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు సన్నటి రాగి గొట్టం పెట్టి, దాని చివర గేజ్ తగిలించి చూశాను. 3800 దగ్గర టర్బైన్ ముందు 1.15 బార్, బూస్ట్ 0.8. నిష్పత్తి 1.4 పైన ఉంది, నాకు సమ్మతమే. ఈ బండి 3000 దాటేది ఎప్పుడో ఒకసారి.

పంపు స్క్రూను ఇప్పుడు పావు చుట్టు మాత్రమే పెంచాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇన్‌టేక్ పైపు విప్పి షాఫ్ట్ ముందుకు వెనక్కి ఎంత కదులుతోందో డయల్ గేజ్‌తో కొలుస్తాను. బిగించిన రోజు కొలిచింది 0.05 మిల్లీమీటర్లు. అది పెరగకపోతే ఇంకో పావు చుట్టు.