రంగు లేని కార్డులతో తంటా: మా కార్డు గేమ్ పని ఎంతవరకొచ్చింది

బెంగళూరు మారతహళ్లిలో మా గదిలో శనివారాలు ఆడుతున్న, నేను తయారుచేస్తున్న కార్డు గేమ్‌లో ఈ నెల ఒక సంగతి తేలింది. ఎవరి డెక్ (ఆటకు పేర్చుకున్న కార్డుల కట్ట) చూసినా అందులో 'గొయ్యి' అనే రంగు లేని కార్డు ఉంటోంది. ఖర్చు ఐదు, ఏ రంగు శక్తితోనైనా కట్టొచ్చు, ఎదుటివాడి ప్రాణి ఒకటి పోతుంది. మా బాబాయి కొడుకు పచ్చ డెక్ ఆడతాడు. పచ్చకు పెద్ద పెద్ద ప్రాణులిచ్చాను గానీ నేరుగా చంపే కార్డు కావాలనే ఇవ్వలేదు, అది ఎరుపు పని. "గొయ్యి ఉండగా నాకు ఎరుపుతో పనేముంది అన్నయ్యా?" అన్నాడు వాడు.

ఎవరికైనా ముందు తోచేది ఖర్చు పెంచడమే. ఆరు చేసి చూశాం. పచ్చకు శక్తి అందరికంటే ముందు పోగవుతుంది కాబట్టి వాడికి చీమ కుట్టినట్టయినా లేదు, దెబ్బ తిన్నది మిగతా మూడు రంగులు. ఇలాంటి రంగుల కార్డు గేమే అయిన మ్యాజిక్ ది గ్యాదరింగ్‌లో మీటియోర్ గోలెమ్ అనే కార్డు ఇలాంటి పనే చేస్తుంది గానీ ఖర్చు ఏడు, అంత ఆలస్యంగా వస్తే ఎవరికీ బెంగ ఉండదు. అదే 2011లో వచ్చిన డిస్మెంబర్ చూడండి. నలుపు కార్డే, కానీ ఖర్చులోని రెండు నలుపు గుర్తులకు బదులు నాలుగు లైఫ్ (ఆటగాడి ప్రాణం పాయింట్లు) ఇచ్చి, పైన ఒక్క మనా (మన శక్తి లాంటిదే) కడితే చాలు. నలుపు ఊసే లేని డెక్‌లలోకీ దూరిపోయింది.

అందుకని ఖర్చు జోలికి పోకుండా పనికే కళ్లెం వేశాను. ఇప్పుడు గొయ్యి ఖర్చు నాలుగే, కానీ ఈ టర్న్‌లో దాడికి వచ్చిన ప్రాణి మాత్రమే అందులో పడుతుంది. అడ్డంగా కూర్చున్నదాన్ని లేపెయ్యాలంటే ఎరుపు 'అగ్గిపిడుగు' కావాల్సిందే. దాని ఖర్చు రెండు ఎరుపు, ఏదైనా ఒకటి.

రెండు ఎరుపు ఎందుకంటే, లెక్క ఇదీ. మా డెక్ 40 కార్డులు, అందులో శక్తి కార్డులు 17. ఏడు కార్డులతో మొదలుపెట్టి, ముందు ఆడేవాడు (మొదటి టర్న్‌లో కొత్త కార్డు తీయడు) నాలుగో టర్న్‌కి పది చూస్తాడు. రెండు రంగుల డెక్‌లో ఎరుపు శక్తి తొమ్మిది ఉంటే, అప్పటికి ఒక్క ఎరుపైనా వచ్చే అవకాశం 95 శాతం. అంటే ఒక గుర్తు అసలు అడ్డే కాదు. రెండు రావాలంటే 73కి పడిపోతుంది. పదిహేడూ ఎరుపే అయితే 98. ఒకే రంగు నమ్ముకున్నవాడికి లాభం కనబడాలంటే ఇంత తేడా ఉండాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఇలాంటి అవకాశాలు లెక్కగట్టే హైపర్‌జియోమెట్రిక్ ఫంక్షన్ ఉంటుంది, చేత్తో చెయ్యక్కర్లేదు.

'ఏ రంగైనా సరే', 'రంగు లేనిదే కావాలి' అనేవి రెండు వేరు ఖర్చులు. మ్యాజిక్ వాళ్లు కూడా రెండోదానికి విడిగా గుర్తు పెట్టింది 2016లోనే. నేను చింతపిక్క బొమ్మ పెట్టాను. 'ఉక్కు ఏనుగు'కు రెండు చింతపిక్కలు, ఏవైనా మూడు కట్టాలి. చింతపిక్కలిచ్చేది 'పాడుబడ్డ గుడి' ఒక్కటే, అది పెట్టుకున్నవాడు ఆ మేరకు రంగు శక్తి వదులుకోవాలి. ఇది నాకు బాగా నచ్చింది.

ప్రింటింగ్ సంగతి: 63 × 88 మిల్లీమీటర్ల కార్డులు ఏ4 షీట్‌కు తొమ్మిది పడతాయి. మామూలు కాగితం మీద తీసి, స్లీవ్‌లో (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవరు) పాత పేకముక్క ముందు పెడుతున్నాం. అవెన్యూ రోడ్డుకెళ్లి 300 జీఎస్ఎం దళసరి ఆర్ట్ కార్డు కొనడం రూల్స్ కుదిరాకే. వచ్చే శనివారం నీలం డెక్‌లో నాలుగు గుడులు పెట్టి ఏనుగు ఎప్పుడు దిగుతుందో చూడాలి.