కటాస్ట్రఫీ కాన్యన్ ఎవరికైనా గుర్తుందా?

అమెరికాలో ఓర్లాండోలోని డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్ థీమ్ పార్కులో, సినిమా ఎలా తీస్తారో తిప్పి చూపించే స్టూడియో బ్యాక్‌లాట్ టూర్ ఉండేది. 1989లో పార్కుతో పాటే మొదలై, 2014 సెప్టెంబర్ 27న మూతపడింది. నాకు ఆ పార్కంటే ఇప్పటికీ అదే.

ముందు నీళ్ల ట్యాంకు దగ్గర జనంలోంచి కొందర్ని పిలిచి యుద్ధం సీను తీసి చూపించేవాళ్లు. అసలు సంగతి ట్రామ్ ఎక్కాకే. కటాస్ట్రఫీ కాన్యన్ అనే లోయ సెట్‌లోకి వెళ్లగానే నేల ఊగిపోయేది, ఆయిల్ ట్యాంకర్ భగ్గుమనేది. ఆ సెగ మొహానికి తగులుతుండగానే కొండమీంచి వరద విరుచుకుపడేది! అరుపులు ఇంకా ఆగకముందే నీళ్లన్నీ కిందికి జారిపోయి, తర్వాతి ట్రామ్ కోసం సెట్ మళ్లీ సిద్ధమైపోయేది. ట్రామ్ కొండ వెనక్కి తిరిగితే ఆ ఇనప చట్రం, పైపులు, ట్యాంకులు అన్నీ బయటపడేవి. గుట్టు విప్పి చూపించినా నా ఆశ్చర్యం రవ్వంత తగ్గలేదు, ఇంకా పెరిగింది. తెర వెనక ఎంతమంది చెమటోడుస్తారో నాకు తెలిసింది అక్కడే.

ఇప్పుడు ఆ వైపంతా టాయ్ స్టోరీ ల్యాండ్, స్టార్ వార్స్ గెలాక్సీస్ ఎడ్జ్. బాగుంటాయి, కాదనను. కానీ సినిమా ఎలా తీస్తారో చూపించే చోటు పోయిందే అని బాధ. లాస్ ఏంజెలెస్ యూనివర్సల్ స్టూడియోస్‌లో ఇలాంటి ట్రామ్ టూర్ ఇంకా నడుస్తోంది. ఈ వేసవికి పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తున్నా.