పాప బరువంత కలకండ

గుండెలో రంధ్రం ఉన్న పసిపిల్లను ఎత్తుకుని తిరుమల కొండకు వెళ్లడమేమిటని బంధువుల్లో కొందరు మందలించారు. ఇంకా తులాభారం మొక్కు తీర్చకుండా కూర్చున్నారేమని మరికొందరు అడిగారు. మేము మాత్రం మా పిల్లల డాక్టరునే అడిగాం. "పాలు బాగా తాగుతోంది, ఆయాసం లేదు, బరువు పెరుగుతోంది. నిశ్చింతగా తీసుకెళ్లండి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్లకు మాత్రం దూరంగా ఉంచండి" అన్నారాయన. ఆ మాట తర్వాతే బయలుదేరాం.

మాది చిత్తూరు. నెలన్నర టీకాలకు తీసుకెళ్లిన రోజు డాక్టరు పాప గుండె మీద పెట్టిన స్టెతస్కోపును చాలాసేపు తీయలేదు. పక్కకు జరిపి మళ్లీ విన్నారు. "మర్మర్ వినిపిస్తోందమ్మా, ఎకో తీయిద్దాం, అంటే గుండెకు స్కాన్" అన్నారు. పుట్టినప్పుడు అంతా బాగుందన్నారు కదా, ఇది ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం ఉన్నా అప్పుడు దాని గుండా రక్తం అంతగా పోదు. వారాలు గడిచి ఆ ఒత్తిడి తగ్గాక ఎడమ గదిలోని రక్తం కుడి గదిలోకి చిమ్ముతుంది. మర్మర్ అంటే ఆ చప్పుడే. రంధ్రం చిన్నదైనా చప్పుడు గట్టిగా వినిపించవచ్చు, కాబట్టి చప్పుడును బట్టి జబ్బును కొలవకూడదు. ఏ లోపమూ లేని పిల్లల్లో కూడా మర్మర్ వినిపించి, పెరిగేకొద్దీ పోతుందట. మా పాపకు మాత్రం ఎకోలో చిన్న రంధ్రం కనిపించింది. కండర భాగంలో ఉంది, తనంతట తానే మూసుకుపోయే అవకాశం బాగా ఉంది, కనిపెట్టుకుని ఉండండి అన్నారు.

ఆ కనిపెట్టుకుని ఉండడమే కష్టం. ఆపరేషన్ అంటే ఒక తేదీ ఉంటుంది, ఎదురుచూడటానికి అదీ లేదు. పాలు తాగుతూ మధ్యలో అలసిపోయి వదిలేస్తోందా, నుదుటికి చెమట పడుతోందా, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతోందా, ఇవన్నీ చూడాలి. మా ఆయన రాత్రిళ్లు లేచి, పాప పొట్ట మీద చూపు నిలిపి, గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టేవారు. నేను బరువు పట్టుకున్నాను. వారం వారం తూయించి నోటు పుస్తకంలో రాసేదాన్ని. వంద గ్రాములు పెరిగితే ఆ పూట అన్నం సయించేది. పెరగని వారం పాప ముఖం చూసినా ఏడుపు వచ్చేది.

మాటల బాధ వేరే. గ్రహణం రోజు బయట తిరిగి ఉంటుందని ఒకావిడ మా ఇంట్లోనే కూర్చుని అంది. అత్తయ్య వంటగదిలోంచి వచ్చి, "నా కోడలు ఏ తప్పూ చేయలేదు. కడుపులో గుండె మొదటి రెండు నెలల్లోనే తయారవుతుందని డాక్టరుగారు చెప్పారు, చాలామందికి కారణమే తెలియదట" అని ఖండించింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. తులాభారం మొక్కుకున్నదీ ఆవిడే. గ్రాముల కోసం నేను పడే తపన చూసి, "ఏడాది నిండేలోపు పాప బరువంత కలకండ స్వామికి ఇస్తాను" అంది.

ఏడాది లోపు పిల్లల తల్లిదండ్రులను తిరుమలలో సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనానికి పంపుతారు. పాప జనన ధ్రువీకరణ పత్రం, మా ఆధార్ కార్డులు పట్టుకెళ్లాం. తాతలకూ నానమ్మలకూ ఆ దారి లేదు. మొక్కిన మనిషి సర్వదర్శనం వరుసలోకి వెళ్లింది, మొక్కు తీర్చేవాళ్లం మేము ఇటు వచ్చాం. అదొక్కటే నాకు బాధగా అనిపించింది.

అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా పాపకు పాలు పట్టాను. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. పైకి వెళ్తుంటే చెవులు మూసుకుపోయినట్లు అవుతాయి, మింగుతూ ఉంటే పసివాళ్లకు హాయి. మలుపు తిరిగినప్పుడల్లా నేను పాప పెదవులు చూస్తూనే ఉన్నాను. ఎర్రగానే ఉన్నాయి.

కల్యాణకట్టలో మాత్రం నా ధైర్యం సడలింది. పాపను మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టి తల తడిపారు. కత్తి తగలగానే గుక్కపట్టి ఏడ్చింది. ఎక్కువ ఏడిస్తే గుండెకు ఏమైనా అవుతుందేమోనన్న భయం నెలల తరబడి మా ఇంట్లో రాజ్యమేలింది. ఏడవనివ్వకుండా ఎత్తుకుని తిప్పేవాళ్లం. ఏడిస్తే ఏమీ కాదని డాక్టరు చెప్పినా నా మనసు ఒప్పుకునేది కాదు. ముఖం కందిపోయింది. నాలుక, పెదవులు, గోళ్లు ఒక్కొక్కటిగా చూశాను. ఎక్కడా నీలం లేదు. "తల కదలనివ్వకండమ్మా, అయిపోయింది" అంటూ గుండు చేసే అతను చెవి వెనక చివరి పాయ తీసేశాడు. గంధం రాసేసరికి ఏడుపు ఆపి, తన తల తానే తడుముకుని చూసుకుంది.

మహాద్వారం దాటి లోపలికి వెళ్లాక తులాభారం. పాపను ఒక తక్కెడలో కూర్చోబెట్టి నేను వీపు పట్టుకున్నాను. పట్టుకుంటే తూకం తప్పుతుందని అక్కడి ఆయన చెప్పడంతో చేతులు ఒక అంగుళం దూరంగా జరిపాను. రెండో తక్కెడలో కలకండ పెడుతున్నారు. సరిపోలేదు, ఇంకొంచెం వేశారు. అదీ చాలలేదు. ఆస్పత్రిలో తూకం వేసినన్నాళ్లూ ముల్లు ఎక్కడ ఆగుతుందోనని ఊపిరి బిగబట్టిన నేను, ఇక్కడ మాత్రం ఇంకా పెట్టాలి, ఇంకా పెట్టాలి అని లోలోపల అనుకుంటున్నాను. ఏడు కిలోల ఆరు వందల గ్రాములు. ఈ వయసుకు కాస్త తక్కువే, నాకు తెలుసు. స్వామి ముందు నిలబడ్డ ఆ కొద్ది క్షణాల్లో ఏమీ అడగలేదు. పాపను పైకెత్తి చూపించాను, అంతే.

చాలాసేపటికి అత్తయ్య బయటికి వచ్చింది. ప్రసాదం కూడా అందుకోకుండానే, "పాప వైపు తక్కెడ బాగా కిందికి దిగిందా?" అని అడిగింది. ఎన్నిసార్లు కలకండ వేయాల్సి వచ్చిందో మా ఆయన చేతులతో చూపించి చెప్పారు. లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు కనుక ఫోటో లేదు. ఆవిడ ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

మర్నాడు తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, తిరుపతిలోనే ఎకో తీయించాం. ఇక్కడ పసివాళ్ల గుండె వైద్యం కోసం టీటీడీ 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించింది. రాష్ట్రం నలుమూలల నుంచీ తల్లులు వస్తారు. రంధ్రం ఇంకా ఉందిగానీ మునుపటికంటే చిన్నదైంది. మందులు అక్కర్లేదు, మళ్లీ ఏడాది తర్వాత చూద్దామన్నారు. మొక్కు తీరింది కాబట్టి ఎకో ఎందుకని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొక్కు మా ధైర్యానికి, ఎకో పాప గుండెకు. రెండూ మాకు కావాలి.

ఆస్పత్రి వరండాలో చిన్న వయసు తల్లి ఒకామె నెల దాటిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని బిక్కముఖంతో కూర్చుంది. మా పాప గుండును చూసి, "అక్కా, మీ పాపకూ ఇదేనా?" అంది. పక్కన కూర్చున్నాను. బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఊపిరులు ఎలా లెక్కపెట్టాలో చూపించాను. పాలు ఒకేసారి తాగలేకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమన్నాను. చెమట, ఆయాసం, పెదవులు నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురమ్మన్నాను. తలనీలాలు ఎప్పుడు ఇవ్వవచ్చని అడిగింది. ముందు బరువు పెరగనీ, డాక్టరును అడిగి వెళ్లండి అని చెప్పి, బరువులు రాసుకోవడానికి నా సంచిలో ఉన్న కొత్త నోటు పుస్తకం ఆమెకు ఇచ్చాను.